కోట పక్క సందులో మూడు నెలలు: విజయనగరంలో గది, భోజనం, సంగీతం

ఉత్తరాంధ్ర హరికథల మీద పాతికేళ్లుగా పోగేసిన కాగితాలను ఒక పుస్తకంగా కుదుర్చుకుందామని బయలుదేరినప్పుడు, శ్రీకాకుళంలో సొంత ఇల్లు పెట్టుకుని విజయనగరంలో గది అద్దెకు తీసుకోవడమేమిటని మా ఇంట్లో అందరూ అడిగారు. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఆగస్టు చివరి వారం నుంచి నవంబర్ నెలాఖరు దాకా కోట పక్క సందులో ఒక మేడ గదిలో ఉండి, ఆ సందు చివరి మెస్సులో తిని, అక్కడి చప్పుళ్ల మధ్యనే రాసుకుని తిరిగి వచ్చాక ఇప్పుడు చెప్పగలననిపిస్తోంది. చదువు కోసమో, రాత కోసమో, సంగీతం కోసమో ఆ ప్రాంతంలో కొన్నాళ్లు ఉండాలనుకునేవారికి ఉపయోగపడుతుందని, నచ్చినవీ నచ్చనివీ దాచకుండా రాస్తున్నాను. ఒక పూట చూసి వెళ్లిపోయే యాత్రికులకు ఈ సమీక్షలో పెద్దగా ఏమీ దొరకదు. నిజానికి ఆ ప్రాంతంలో కూడా వారికి అంతగా ఏమీ దొరకదు.

నేను చెబుతున్న ప్రాంతం కోటకూ, మూడు లాంతర్ల కూడలికీ, గంటస్తంభానికీ మధ్య ఉన్న పాత ఊరు. 1713లో కట్టిన ఈ కోటకు విజయరామరాజు పేరు మీదుగా, విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు, జయవారమైన మంగళవారం పునాది వేశారని ఊళ్లో ఎవరిని అడిగినా వేళ్లు మడిచి లెక్కపెట్టి చెబుతారు. నాలుగు వైపులా దాదాపు 240 మీటర్ల చొప్పున చదరంగా సాగే రాతి గోడలు, పది మీటర్ల ఎత్తు, నాలుగు మూలలా బురుజులు, తూర్పున నాగర్‌ఖానా అనే సింహద్వారం. లోపల ఇప్పుడు రాజులు లేరు, కాలేజీలు ఉన్నాయి. పి.వి.జి. రాజు 1958లో తండ్రి అలక్ నారాయణ గజపతి పేరిట స్థాపించిన మాన్సాస్ ట్రస్టు విద్యాసంస్థలు అందులో నడుస్తున్నాయి. ఉదయం తొమ్మిది గంటల వేళ సింహద్వారం కింద నుంచి జడలు, టిఫిన్ డబ్బాలు, రికార్డు పుస్తకాలు లోపలికి పోతుంటే, కోట అన్న మాటకు మనం ఊహించుకునే గాంభీర్యం ఏ మూలనా కనిపించదు. నాకు అదే నచ్చింది.

ముందుగా వసతి సంగతి. మొదటి నాలుగు రోజులు బస్టాండు వైపు ఒక లాడ్జిలో దిగి తప్పు చేశాను. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. గోడకు చెమ్మ, పక్కగదిలో రాత్రి రెండు దాకా టీవీ, బిల్లులో రాసినా ఒక్కరోజు కూడా రాని వేణ్ణీళ్లు. ఐదో రోజున మెస్సులో పరిచయమైన వయొలిన్ విద్యార్థిని ఒకమ్మాయి తమ ఇంటివాళ్ల మేడ మీద గది ఖాళీ అయిందని చెప్పింది. ఈ ప్రాంతంలో గదులకు బోర్డులు ఉండవు, ఫోన్లలో వెతికినా కనబడవు. పాలు పోసే ఆయన, ఇస్త్రీ బండి ఆయన, మెస్సు నడిపే ఆవిడ, ఈ ముగ్గురిలో ఎవరో ఒకరి నోటి మాట మీదనే అన్నీ కుదురుతాయి. కొత్తగా వచ్చేవారు ముందు ఎక్కడైనా రెండు పూటలు తిని, మొహం తెలిశాక గది అడగడం మంచిది.

నాకు దొరికింది పాత పెంకుటింటికి తరువాత ఎప్పుడో తగిలించిన మేడ గది. ఒక మంచం, ఒక బల్ల, గోడలో మూడు అరల అలమర, దక్షిణానికి ఒక కిటికీ, నెలకు 4,500 రూపాయలు, రెండు నెలల అడ్వాన్సు. మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయంటే బిందెతో ఎక్కితే మోకాలు బిందెకు తగులుతుంది. స్నానాల గది కిందనే. వాన పడితే అక్కడికి పోవడానికి గొడుగు తప్పదు. ఇంటి యజమానురాలు తొలిరోజే షరతులు చెప్పేశారు: రాత్రి పదింటికి గేటు వేస్తారు, మాంసం వండకూడదు, సాధన మాత్రం ఎంతసేపైనా చేసుకోవచ్చు. మూడో షరతు విన్నప్పుడు నేను నవ్వాను. ఇరవై ఏళ్లుగా ఆ గదిలో ఉంటూ వచ్చినవారంతా సంగీత విద్యార్థులేనట. గోడకు ఎవరో పెన్సిల్‌తో గీసిన స్వరాల పట్టీ ఒకటి ఇంకా చెరగలేదు. సున్నం వేయించినప్పుడల్లా ఆ జానెడు మేర వదిలేయమని పనివాళ్లకు ఆవిడే చెబుతారట.

ఇక మెస్సు. ఈ మూడు నెలల్లో నేను ఎక్కువ కాలం గడిపింది బల్ల దగ్గరా కాదు, గ్రంథాలయంలోనూ కాదు, ఆ మెస్సులోనే కాబట్టి దీని గురించి కొంత విస్తరంగా చెప్పాలి. రెండు పొడవాటి బల్లలు, నాలుగు బెంచీలు, గోడకు వేంకటేశ్వరస్వామి పటం, దాని పక్కనే ఘంటసాల ఫొటో. రెండింటికీ ఒకే మూర నుంచి తుంచిన పూలు. పొద్దున్న ఆరున్నరకు ఇడ్లీతో మొదలవుతుంది. నడిపేది యాభై దాటిన ఆవిడ. విద్యార్థులందరికీ పిన్నిగారు. ఇడ్లీ రేకుల్లో తడిగుడ్డ పరిచి పిండి పోస్తారు. ఉడికాక రేకును తిరగేసి, పక్కనున్న చన్నీళ్ల గిన్నెలో వేళ్లు ముంచి, గుడ్డను ఒక అంచు నుంచి రెండో అంచుకు ఒక్క లాగులో ఒలుస్తారు. ఇడ్లీ మీద గుడ్డ నేత అచ్చు పడి ఉంటుంది. ఆ గరుకుకే అల్లం పచ్చడి బాగా పడుతుందని ఆవిడ వాదన. నూనె రాసిన రేకులో వేసిన నున్నటి ఇడ్లీ తినివచ్చిన నాకు ఆ వాదన రెండో రోజుకే ఒప్పుదలైంది. ఇడ్లీలు రెండు, గారె ఒకటి 40 రూపాయలు. అడిగితే చోడి అంబలి, అంటే రాగి అంబలి, గ్లాసుడు ఇస్తారు. దానికి ఉల్లిపాయ ముక్క ఉచితం, కార్తీకమాసంలో మాత్రం ఉల్లిపాయ అడగకూడదు.

ఒకరోజు తెల్లవారుజాము దాకా రాసి, తొమ్మిదింటికి వెళితే పిన్నిగారు గరిటె ఆపి, "ఏటి టీచరమ్మగారూ, ఈయేల ఇంత ఆలీసమైపోనాది? మీకని రెండు ఇడ్లీలు దాసినాను, సల్లారిపోనాయి," అన్నారు. నేను చల్లారినవే పెట్టమన్నాను. ఆవిడ పెట్టలేదు. నన్ను కూర్చోబెట్టి పొయ్యి మళ్లీ వెలిగించి రెండే రెండు ఇడ్లీలు వేశారు. ఎంత పెద్ద హోటల్లోనైనా ఈ మర్యాద ధర పెట్టి కొనలేము. అలాగని భోజనం అంతా ఇదే స్థాయిలో ఉంటుందని అనుకోకూడదు. మధ్యాహ్నం భోజనం 90 రూపాయలు. పప్పు, పులుసు, ఒక కూర, ఒక పచ్చడి, మజ్జిగ ఉంటాయి. ఒంటిగంట లోపల వెళితే అన్నం పొగలు కక్కుతుంది, ఆ తరువాత వెళితే ముద్దకట్టి ఉంటుంది. మజ్జిగలో నీళ్లే ఎక్కువ. అరటికాయకు ఆవ పెట్టి వండిన రోజున మాత్రం ఏ ఫిర్యాదూ గుర్తు రాదు. ఆవ ఘాటు ముక్కుకు తగిలి కళ్లు చెమర్చేలా, చేదెక్కకుండా దాన్ని నూరడం ఈ ఉత్తరాంధ్ర చేతులకే తెలిసిన విద్య అని నా గట్టి నమ్మకం. అది గురువారం వండుతారు. గురువారం వెళ్లండి.

బల్ల చివర ఒక పొడవాటి ఖాతా పుస్తకం ఉంటుంది. విద్యార్థుల్లో సగం మంది రోజూ డబ్బు ఇవ్వరు. పేరు ఎదురుగా గీత గీసి పోతారు. స్కాలర్‌షిప్ పడ్డాకో, ఇంటి నుంచి డబ్బు వచ్చాకో ఆ గీతలు కొట్టేస్తారు. ఎవరైనా ఎగ్గొట్టారా అని అడిగితే, "ఎగ్గొట్టినోలు నేరా? ఉన్నారు. ఏటి సేస్తాం, ఆకలేసే వయసు," అని పిన్నిగారు మాట మార్చేశారు.

ఈ పుస్తకం చూసినప్పుడల్లా నాకు మధుకరం గుర్తుకు వచ్చేది. పొట్టకూటికి ఆధారం లేని పిల్లలు జోలె భుజాన వేసుకుని, ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, ఆ బలంతో విద్య నేర్చుకోవడం ఈ వీధుల్లో ఒకప్పుడు మామూలు విషయం. ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతం కోసం ఈ ఊరు చేరినప్పుడు ఆదుకున్న గురువు పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరు చినగురువుగారని పేరు. ఆయన ఇచ్చిన జోలెతోనే ఘంటసాల మధుకరం చేసి చదువుకున్నారు. ఆ సంగతిని ఆయన జీవితాంతం గౌరవంగా తలుచుకునేవారు. మెస్సు గోడ మీద దేవుడి పక్కన ఆయన ఫొటో ఎందుకు ఉందో అడగవలసిన అవసరం నాకు కలగలేదు. నేర్చుకోవడానికి వచ్చినవాడికి ముందు తిండి పెట్టాలి, లెక్కలు తరువాత చూసుకోవచ్చు అన్న అలవాటు ఈ పేటకు మహారాజుల దగ్గర నుంచి వచ్చిందో, వీధుల నుంచి వాళ్లకే ఎక్కిందో చెప్పడం కష్టం. కానీ ఆ అలవాటు ఉన్నంతకాలమే ఈ ప్రాంతం విద్యార్థులకు, రాసేవారికి పనికివస్తుంది. నా దృష్టిలో ఇక్కడి గోడలకన్నా, గోపురాలకన్నా కొలవవలసింది దీన్నే.

సంగీత కళాశాల కోటకు అడుగుల దూరంలోనే ఉంది. 1919లో విజయరామ గజపతి స్థాపించిన ఈ కళాశాలకు మొదటి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. 1936లో ఆ స్థానంలోకి వచ్చినవారు ద్వారం వెంకటస్వామినాయుడు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారంవారిని, ఆయన వాయులీనం విన్నాక ఆచార్యుడిగా తీసుకున్నారని ఈ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పి. సుశీల కూడా ఇక్కడే సంగీతం చదివారు. ఇన్ని పేర్లు విని పెద్ద భవనాన్ని ఊహించుకుని వెళ్లేవారు నిరాశపడతారు. తరగతుల వేళ వెళ్లి వీధిలో నిలబడినవారు మాత్రం నిరాశపడరు. ఒక కిటికీ నుంచి మాయామాళవగౌళలో సరళీస్వరాలు, మరో కిటికీ నుంచి మృదంగం పాఠం, ఎక్కడో గజ్జెల చప్పుడు, ఇవన్నీ కలగాపులగంగా వీధిలోకి వచ్చి పడుతుంటాయి. మొదటి వారం ఆ గోల నా రాతకు అడ్డం వస్తుందని భయపడ్డాను. మూడో వారానికి నేను దాన్ని గడియారంలా వాడుకోవడం మొదలుపెట్టాను. గజ్జెలు ఆగితే నా టీకి వేళయినట్టు.

నారాయణదాసు మీద రాస్తున్నదాన్ని కనుక ఆ కిటికీల కింద నిలబడడం నాకు వినోదం మాత్రమే కాదు. అజ్జాడలో 1864లో పుట్టి 1945 జనవరి 2న ఈ ఊళ్లోనే కన్నుమూసిన ఆ మనిషి, కాలికి గజ్జె కట్టి, చేత చిరతలు పట్టి, పాటనూ మాటనూ ఆటనూ ఒక్క శరీరంలో ఇమిడ్చాడు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీకం నుంచి సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చినవాడూ ఆయనే. నా కాగితాల్లో ఆయన లయ గురించి పది పేజీలు రాసి పెట్టుకున్నాను. ఒక సాయంత్రం ఎవరో పిల్లవాడు తప్పు తాళం వేసి, గురువు చేత తిట్లు తిని, మళ్లీ మళ్లీ అదే ఆవృత్తం సరిచేసుకుంటుంటే విన్నాక, ఆ పది పేజీల్లో ఆరు కొట్టేశాను. మిగిలిన నాలుగు మెరుగయ్యాయి.

నాకు వీణ కొద్దిగా వచ్చు. సాయంత్రాలు తోడుగా ఉంటుందని పాత వీణను శ్రీకాకుళం నుంచి బస్సులో తెచ్చుకున్నాను. కిటికీ పక్కన ఎండలో పెట్టి రెండు గంటలు ప్రయాణం చేసిన మూర్ఖత్వానికి ఫలితంగా, గదికి చేరి మీటి చూస్తే పై స్థాయి స్వరాలన్నీ పక్కకు జరిగిపోయాయి. వీణ మెట్లు మైనంలో మసి కలిపి చేసిన గట్టు మీద నిలబడతాయి. వేడికి ఆ మైనం మెత్తబడితే మెట్టు వెంట్రుకవాసి కదులుతుంది, స్వరం బేసూరవుతుంది. కాలేజీ పిల్లలే నన్ను రెండు సందుల అవతల వాద్యాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్లారు. దుకాణం అనడానికి వీల్లేదు. అరుగు మీద చాప, చిన్న బొగ్గుల కుంపటి, ఇనప పుల్లలు, విరిగిన తంబూరా బుర్ర ఒకటి, అంతే. ఆయన వీణను ఒళ్లో పెట్టుకుని ముందు ఏమీ మాట్లాడకుండా 24 మెట్లనూ ఒక్కొక్కటిగా మీటి విన్నారు. తరువాత కాల్చిన ఇనప పుల్లను మైనానికి తాకించి, మెత్తబడిన క్షణంలో బొటనవేలితో మెట్టును నూలుపోగంత జరిపి, తీగ మీటి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ నూలుపోగంత వెనక్కి జరిపారు. శ్రుతిపెట్టె కూడా లేదు. మధ్యలో స్కూటరు హారను మోగితే ఆగి, అది పూర్తిగా దూరం పోయేదాకా కాచుకున్నారు. మూడు గంటలు పట్టింది.

ఎంతివ్వమంటారని అడిగితే 1,200 అన్నారు. నేను బేరమాడలేదు. ఇది కూడా ఒక సేవే కనుక దీని గురించి స్పష్టంగా చెబుతాను: పని నూటికి నూరు పాళ్లు నాణ్యం, సమయపాలన సున్నా. సోమవారం రమ్మని బుధవారం చేశారు. తన చేతికి ఆ రోజు వణుకు ఉందని, వణుకుతో మెట్టు కదపకూడదని కారణం చెప్పారు. అలాంటి కారణానికి కోపం తెచ్చుకోవడం నావల్ల కాలేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మానును తొలిచి చేసే ఏకాండి వీణలకు పేరుంది. కొత్త వీణ కావలసినవారు అక్కడికే పోవాలి. పాతదాన్ని బతికించుకోవాలంటే మాత్రం ఈ అరుగు చాలు. ఆయన తరువాత ఈ పని చేసేవారు ఆ సందులో లేరు. కొడుకు విశాఖపట్నంలో ఉద్యోగంలో ఉన్నాడట.

రాసేవారికి ఈ ప్రాంతంలో ఉన్న ఆకర్షణ ఏమిటో అందరికీ తెలిసిందే. గురజాడ అప్పారావు చదివిన, కొంతకాలం పాఠాలు చెప్పిన మహారాజా కళాశాల ఈ ఊరిదే. 1857లో పాఠశాలగా మొదలై 1879లో కళాశాల అయింది. కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడింది ఈ ఊళ్లోనే. ఆ నాటకం తెర లేచేది బొంకులదిబ్బ మీద. ఆ దిబ్బ కల్పన కాదు, కోటకు దగ్గరలోనే ఉంది. అయితే గిరీశం కోసం వెతుక్కుంటూ వెళ్లినవారికి అక్కడ మోటారు సైకిళ్లు, తోపుడు బళ్లు, మిరపకాయ బజ్జీల మూకుడు మాత్రమే కనిపిస్తాయి. ఒక రకంగా గిరీశం అయితే ఈ మార్పును మెచ్చుకునేవాడే. కాస్త నడిస్తే గురజాడ నివసించిన ఇల్లు. ఆయన వాడిన కొన్ని వస్తువులు అక్కడ భద్రంగా ఉంచారు. 1915 నవంబర్ 30న ఆయన ఈ ఊళ్లోనే మరణించారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. నేను వారానికి ఒకసారైనా ఆ ఇంటి ముందు నుంచి నడిచాను, లోపలికి మాత్రం రెండుసార్లే వెళ్లాను. సెప్టెంబర్ 21న జయంతి నాడు దండలు, ఉపన్యాసాలు, బడిపిల్లల చేత దేశభక్తి గేయం ఉంటాయి. ఆ సందడి తప్పించుకోదలచినవారు ఆ మర్నాడు వెళ్లడం మంచిది. నేను మర్నాడే వెళ్లాను. వాడిన బంతిపూల వాసన తప్ప ఎవరూ లేరు.

మా శ్రీకాకుళం మనిషిగా ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న తెరిచిన కథానిలయం మా ఊళ్లో ఉంది. తెలుగు కథ కోసం అలాంటి చోటు మరొకటి లేదు. పాత పత్రికలు తిరగేయాలంటే నేను ఇప్పటికీ అక్కడికే వెళతాను. అయితే కథానిలయం ఉన్నది ప్రశాంతమైన ఇళ్ల కాలనీలో. బయటకు వచ్చాక చదివినదాని గురించి వాదించుకోవడానికి చుట్టూ ఒక పేట లేదు. విజయనగరంలో దీనికి తలకిందులుగా ఉంది. చాసో, రోణంకి అప్పలస్వామి, శ్రీరంగం నారాయణబాబు, ఆరుద్ర వంటి రచయితలు మసలిన ఊరు కదా, మాట్లాడే అలవాటు ఇంకా పోలేదు. టీ బడ్డీ దగ్గర నేను చాసో కథ ఒకదాని గురించి పొరపాటున ఒక మాట అంటే, పక్కన సిగరెట్టు కాలుస్తున్న అపరిచితుడు అది తప్పని చెప్పి, కథంతా మొదటి నుంచి అప్పగించి, నా టీ డబ్బులు కూడా ఇచ్చి వెళ్లిపోయాడు. అతను చెప్పిందే నిజం. మాట్లాడే మనుషులు ఇక్కడ, కాగితాలు మా ఊళ్లో. బస్సు ఛార్జీ తప్పదు.

ఇక లోపాలు. మొదటిది దోమలు. పెద్దచెరువు, అయ్యకోనేరు, పాత మురుగుకాలవలు ఇంత దగ్గరగా ఉన్నచోట దోమతెర లేకుండా అక్టోబరు గడవదు. రెండోది కాలవలే. గట్టి వాన కురిసిన రోజున సందులో మోకాలి బంటి నీళ్లు నిలిచి, అందులో మెస్సు ముందరి బెంచీ తేలింది. మూడోది వాహనాలు. ఎడ్లబండికి సరిపోయేలా వేసిన సందుల్లోకి కార్లు దూరుతున్నాయి, దూరాక వెనక్కి పోలేక హారన్లు కొడుతున్నాయి. ఒక జిరాక్సు కొట్టులో నా రాతప్రతిలో 61 నుంచి 74 దాకా పేజీలను ఎవరిదో ఆస్తి దస్తావేజులో కలిపి కుట్టేశారు. వాటి కోసం రెండు రోజులు తిరిగి, చివరికి ఆ దస్తావేజు సొంతదారు ఇంటికే వెళ్లి తెచ్చుకున్నాను. ఆయన అప్పటికే నాలుగు పేజీలు చదివి, హరికథకుల వంశాల గురించి రాసినచోట తమ తాతగారి పేరు ఎందుకు లేదని నిలదీశారు. ఇప్పుడు ఉంది.

అన్నిటికన్నా పెద్ద లోపం కనబడేది కాదు. కనబడకుండా పోయినది. కోటలోని మోతీమహల్ 2020లో నేలమట్టమైంది. ఊరికి గుర్తుగా పందొమ్మిదో శతాబ్దం నుంచి నిలిచిన మూడు లాంతర్ల స్తంభాన్ని కూడా అదే ఏడాది మే నెలలో తొలగించారు. కూడలికి పేరు మిగిలింది. 1885 నాటి గంటస్తంభం మాత్రం ఎనిమిది పలకల మేడలా, 68 అడుగుల ఎత్తున, సంత మధ్యలో ఇంకా ఉంది. వీధుల్లోనూ ఇదే జరుగుతోంది. మా సందులో నేనున్న మూడు నెలల్లోనే రెండు పెంకుటిళ్లు పడగొట్టారు. వాటి స్థానంలో లేచే అపార్ట్‌మెంట్లలో ఒంటి గదులు ఉండవు, అద్దెలు విద్యార్థులకు అందవు, రాత్రి పదింటి తరువాత వయొలిన్ సాధనకు అనుమతి అసలే ఉండదు. ఇంటివాళ్లను తప్పుపట్టలేను. పెంకులు తిరగేయించే పనివాళ్లు దొరకక, కారే కప్పు కింద ఎన్నేళ్లని ఉంటారు?

సిరిమానోత్సవం గురించి ఒక హెచ్చరిక. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. ఎత్తయిన చింతమాను చివర పూజారి కూర్చోగా, మూడు లాంతర్ల గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగిస్తారు. చుట్టుపక్కల జిల్లాల నుంచి, ఒడిశా నుంచి జనం వస్తారు. ముందు రోజు తొలేళ్ల ఉత్సవం. ఆ రెండు రోజులూ రాతపని పెట్టుకోకండి, ఊరు దాటే ప్రయాణాలూ పెట్టుకోకండి, లాడ్జి గది గురించి అసలే ఆలోచించకండి. మా మేడ మెట్ల మీద ఆ మధ్యాహ్నం నాకు తెలియని పదహారు మంది కూర్చున్నారు. అందరూ ఇంటి యజమానురాలికి చుట్టాలేనట. సిరిమాను సందు మొగదలలో కనిపించినప్పుడు వాళ్లంతా ఒక్కసారి లేచి నిలబడితే మెట్లు కదిలాయి. అరటిపండ్లు విసిరారు. ఒకటి నా బల్ల మీదికి వచ్చి పడింది. దాన్ని ప్రసాదమనుకోవాలో ప్రమాదమనుకోవాలో తేలలేదు కానీ తిన్నాను.

మొత్తం ఖర్చు అడిగేవారి కోసం: అద్దె, భోజనం, టీ, జిరాక్సు, వీణ మరమ్మతు, రెండు వారాలకోసారి శ్రీకాకుళం బస్సు కలుపుకుని నెలకు 13,000 రూపాయలకు మించలేదు. ఏసీ, లిఫ్టు, కారు నిలిపే చోటు, వేళకు వచ్చే పనివాళ్లు కావాలనుకునేవారికి ఊరి కొత్త భాగాల్లో ఇంతకన్నా మంచి వసతులు ఉన్నాయి. వాళ్లు ఇటు రాకపోవడమే ఇరుపక్షాలకూ మంచిది. మోకాళ్ల నొప్పులున్నవారికి మేడ గదులు వద్దు, కింది గది దొరికేదాకా ఓపిక పట్టాలి. సంగీతంలో చేరబోయే పిల్లలకూ, పరిశోధన విద్యార్థులకూ, ఒక పుస్తకం పూర్తి చేయవలసి ఉన్నవారికీ మాత్రం మొహమాటం లేకుండా సిఫారసు చేస్తాను, ఐదులో నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒకటి దోమలకు సగం, జిరాక్సు కొట్టుకు సగం.

నవంబర్ నెలాఖరున ఖాళీ చేసేటప్పుడు యజమానురాలు అడ్వాన్సులో కరెంటు బిల్లు మాత్రమే తగ్గించి మిగతాది లెక్కపెట్టి ఇచ్చారు. మెస్సులో నా పేరు ఎదురుగా పదకొండు గీతలు మిగిలి ఉన్నాయి. డబ్బు ఇస్తే పిన్నిగారు తొమ్మిదింటికే తీసుకున్నారు. మిగతా రెండు చల్లారిపోయిన ఇడ్లీలవట, వాటికి డబ్బు తీసుకోరట.